హుయాన్ త్సాంగ్

హుయాన్ త్సాంగ్ (602 - 664) ప్రసిద్ధ చైనా బౌద్ధ భిక్షువు, యాత్రికుడు, అనువాదకుడు. యువాన్ చ్వాంగ్ అనే పేరుతో కూడా తెలుగు పుస్తకాలలో కనిపిస్తాడు. 7వ శతాబ్దంలో రాజాజ్ఞను ధిక్కరించి, ఒంటరిగా గులకరాళ్ళ ఎడారిని దాటి, మధ్య ఆసియా మీదుగా భారతదేశానికి వచ్చాడు. సుమారు 16 సంవత్సరాల తరువాత స్వదేశానికి తిరిగివెళ్ళి, తాను చూసిన దేశాల వర్ణనను గ్రంథస్థం చేయించాడు. హర్షవర్ధనుని ఆదరం పొందిన యాత్రికునిగా పాఠశాల విద్యార్థులందరికీ ఆయన పరిచితుడే. అయితే ఆయన వేంగి చూసి, కృష్ణానదీ తీరాన కొన్ని నెలలు నివసించి, అక్కడి భిక్షువుల వద్ద విద్యాభ్యాసం చేశాడన్న విషయం అంతగా ప్రచారంలో లేదు.

బాల్యం, విద్య

హుయాన్ త్సాంగ్ నేటి చైనాలోని హెనాన్ రాష్ట్రంలో, లోయాంగ్ నగర సమీపంలో జన్మించాడు. ఇంటిపేరు చెన్. నలుగురు అన్నదమ్ములలో చివరివాడు. బాల్యంలోనే తండ్రి మరణించగా, అప్పటికే భిక్షువైన అన్న వద్ద లోయాంగ్ ఆరామంలో పెరిగాడు. పదమూడవ ఏట సంఘంలో ప్రవేశం పొందాడు. సుయి వంశ పతనకాలంలో దేశం అల్లకల్లోలం కావడంతో అన్నదమ్ములిద్దరూ చెంగ్డు నగరానికి తరలివెళ్ళారు. అక్కడ 622లో ఆయన పూర్తి దీక్ష స్వీకరించాడు.

తరువాత రాజధాని చాంగాన్ చేరి అనేక గురువులను ఆశ్రయించాడు. ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా వ్యాఖ్యానించేవారు. చైనీయ అనువాదాలు కూడా పరస్పరం పొసగేవి కావు. మూలగ్రంథాలను, ముఖ్యంగా యోగాచారభూమి శాస్త్రాన్ని, భారతదేశంలోనే అధ్యయనం చేయాలని నిశ్చయించుకున్నాడు.

రహస్య ప్రయాణం

అప్పుడు తాంగ్ వంశం కొత్తగా అధికారంలోకి వచ్చి, పశ్చిమ సరిహద్దులో తురుష్కులతో వైరం నడుస్తూ ఉంది. ప్రజలు దేశం విడిచి వెళ్ళరాదని నిషేధం ఉండేది. హుయాన్ త్సాంగ్ పెట్టుకున్న విజ్ఞప్తి నెరవేరలేదు. తోడుగా వస్తామన్నవారు వెనుకంజ వేశారు. 629లో (627 అని కొందరి మతం) ఆయన అనుమతి లేకుండానే బయలుదేరి, పగలు దాగి రాత్రులు నడుస్తూ సరిహద్దు పట్టణమైన గ్వాజౌ చేరాడు. అక్కడ గుర్రం చనిపోయింది. ఆయనను నిర్బంధించవలసిందిగా వచ్చిన ఉత్తర్వును ఒక స్థానిక అధికారి ఆయన ఎదుటనే చించివేసి, వెంటనే వెళ్ళిపొమ్మని హెచ్చరించాడు.

మార్గదర్శిగా ఒక యువకుడు కుదిరాడు. అతడు తీసుకువచ్చిన ఒక వృద్ధుడు, హామి ఒయాసిస్సుకు పదిహేను సార్లు వెళ్ళివచ్చిన ముసలి, బక్కచిక్కిన ఎర్రగుర్రాన్ని ఇచ్చి, బలిష్ఠమైన గుర్రాన్ని మారుగా తీసుకున్నాడు. చూడడానికి ఇది నష్టపు బేరమే. యువకుడు మొదటి రాత్రే కత్తి దూసి భిక్షువును సమీపించి, మళ్ళీ వెనుదిరిగాడు. మరునాడు శిక్షకు భయపడి ఇంటికి పోతానన్నాడు. హుయాన్ త్సాంగ్ అతనికి ఒక గుర్రాన్ని బహూకరించి పంపివేసి ఒంటరిగా మిగిలాడు.

గులకరాళ్ళ ఎడారి

యూమెన్ సరిహద్దు ద్వారం తరువాత ఐదు కావలి బురుజులు వరుసగా ఉండేవి. నీరు వాటి వద్దనే దొరికేది. బాటసారికి దారి చూపేవి జంతువుల అస్థికలూ, గుర్రపు పేడ మాత్రమే. మొదటి బురుజు వద్ద చీకటిపడ్డాక నీరు నింపుకుంటుండగా వచ్చిన బాణం ఆయన మోకాలికి తగలబోయింది. తాను రాజధాని నుండి వచ్చిన భిక్షువునని కేకవేసి, నేరుగా కావలివారి వద్దకే వెళ్ళాడు. అక్కడి నాయకుడు బౌద్ధుడు కావడంతో ఆహారమిచ్చి సాగనంపాడు. నాల్గవ బురుజు నాయకుడు ఐదవ బురుజు వైపు వెళ్ళవద్దని, అక్కడివారు కఠినులని చెప్పి పెద్ద నీటితిత్తిని ఇచ్చాడు.

ఆపైన మొహెయెన్ ఎడారి, సుమారు 800 లీల పొడవు (ఒక లీ అర కిలోమీటరుకు కొంచెం తక్కువ). ఆకాశంలో పక్షి, నేలపై జంతువు, గడ్డిపరక లేని ప్రదేశం. ఆయన దారి తప్పాడు. నీరు తాగబోతుండగా బరువైన తిత్తి చేజారి, ఉన్న నీరంతా నేలపాలయింది. నాల్గవ బురుజుకు మరలిపోదామని పది లీలకు పైగా వెనుకకు నడిచాడు. భారతదేశం చేరేవరకు తూర్పుదిక్కుగా అడుగు వేయనని చేసిన ప్రతిజ్ఞ అప్పుడు గుర్తుకువచ్చి, గుర్రాన్ని మళ్ళీ పడమటికి తిప్పాడు. నాలుగు రాత్రులు, ఐదు పగళ్ళు నీటిచుక్క లేదు. గుర్రమూ, మనిషీ నేలకొరిగారు. ఐదవ రాత్రి చల్లగాలికి తేరుకుని కొంతదూరం సాగాక, గుర్రం ఆయన అదలింపును లెక్కచేయక వేరొక దిక్కుకు పరుగెత్తి, పచ్చికబయలు, నీటిమడుగు వద్దకు చేర్చింది. ఆ దారి తెలిసిన ముసలిగుర్రం వల్లనే ఆయన బతికాడు. మరి రెండు రోజులకు హామి చేరాడు.

ఈ ఎడారి ప్రయాణం గురించి హుయాన్ త్సాంగ్ తన యాత్రాగ్రంథంలో ఏమీ చెప్పలేదు. ఆ గ్రంథం ఎడారికి ఆవలి దేశాలతోనే మొదలవుతుంది. పై వివరాలన్నీ శిష్యుడు హుయిలి ప్రారంభించగా యెన్‌త్సుంగ్ పూర్తిచేసిన జీవితచరిత్రలోనివి. శిష్యుల భక్తి కథను కొంత పెంచి ఉండవచ్చు గాని, బురుజుల వరుస, దూరాలు, అధికారుల పేర్లు వంటి వివరాలు ఊహించి చెప్పినవిగా తోచవు.

నలందా వరకు

తుర్ఫాన్ ప్రాంతపు రాజు ఆయనను తన వద్దనే ఉంచుకోదలచగా, మూడు రోజులు నిరాహారంగా ఉండి అనుమతి సంపాదించాడు. తియన్‌షాన్ పర్వతాలను దాటేటప్పుడు పరివారంలో పదింట మూడు నాలుగు వంతులు చలికి, ఆకలికి మరణించారు. సమర్కండ్, బామియాన్, గాంధారం మీదుగా కాశ్మీరం చేరి రెండేళ్ళు చదువుకున్నాడు. గంగానదిపై దొంగలు పట్టుకుని దుర్గకు బలి ఇవ్వబోగా తప్పించుకున్నాడు. 637 ప్రాంతంలో నలందా చేరి, వృద్ధాచార్యుడైన శీలభద్రుని వద్ద యోగాచార శాస్త్రం అభ్యసించాడు.

ఆంధ్రదేశంలో

నలందా నుండి బయలుదేరి తామ్రలిప్తి రేవు చేరిన హుయాన్ త్సాంగ్ అక్కడినుండి ఓడలో సింహళం వెళ్ళాలనుకున్నాడు. దక్షిణాదికి చెందిన ఒక భిక్షువు సముద్రంలోని తుఫానుల ప్రమాదాన్ని వివరించి, భూమార్గాన దక్షిణపు కొసవరకు వెళితే సముద్రయానం కొద్ది దినాలే ఉంటుందని, దారిలోని క్షేత్రాలనూ చూడవచ్చని సలహా ఇచ్చాడు. ఆ విధంగా ఓఢ్ర, కళింగ, దక్షిణ కోసల దేశాల మీదుగా 639 ప్రాంతంలో ఆయన ఆంధ్రదేశం ప్రవేశించాడు.

ఆంధ్ర రాజధానిని ఆయన పింగ్‌కిలో అని పేర్కొన్నాడు. ఇది వేంగి, అనగా ఏలూరు సమీపంలోని నేటి పెదవేగి అని చరిత్రకారుల అభిప్రాయం. అప్పటికి అక్కడ తూర్పు చాళుక్యుల పాలన ఆరంభమై ఎంతోకాలం కాలేదు. నేల సారవంతమైనదని, పంటలు సమృద్ధియని, ఉక్క ఎక్కువని, ప్రజలు ఉగ్రస్వభావులని వ్రాశాడు. ఇక్కడి భాష మధ్యదేశపు భాషకు భిన్నమైనదని, లిపి మాత్రం చాలావరకు దానివంటిదేనని గమనించాడు. తెలుగుదేశపు భాషను గూర్చి ఒక విదేశీయుడు వ్రాసిన తొలి ప్రస్తావనలలో ఇది ఒకటి. రాజధానికి నైరుతిదిశగా ఉన్న ఒంటరి కొండపై రాతిస్తూపాన్ని, ప్రసిద్ధ తార్కికుడు దిఙ్నాగుడు న్యాయగ్రంథం రచించిన స్థలంగా వర్ణించాడు.

అక్కడినుండి అడవుల గుండా దక్షిణంగా ధాన్యకటక దేశం చేరాడు. అక్కడ ఆయన చూసినది క్షీణదశలో ఉన్న బౌద్ధం. ఆరామాలు వరుసగా ఉన్నా చాలావరకు పాడుబడ్డాయి. ఇరవై మాత్రం మిగిలి, వాటిలో వేయిమంది భిక్షువులు ఉన్నారు, వారు మహాసాంఘికులు. దేవాలయాలు వందకు పైగా ఉన్నాయి. నగరానికి తూర్పుకొండపై పూర్వశైల, పడమటికొండపై అపరశైల ఆరామాలు నూరేళ్ళుగా నిర్జనమై ఉన్నాయి. కొండదేవతలు తోడేళ్ళుగా, కోతులుగా మారి బాటసారులను భయపెట్టడమే అందుకు కారణమని స్థానికులు చెప్పిన కథను ఆయన నమోదు చేశాడు. నగరానికి దక్షిణాన ఉన్న పెద్ద కొండలోని అసురభవనంలో ఆచార్య భావవివేకుడు మైత్రేయుని రాకకై నిరీక్షిస్తున్నాడన్న ఐతిహ్యాన్ని కూడా చెప్పాడు.

పాడుబడిన ఆరామాల మధ్య ఆయనకు ఇద్దరు పండితులు లభించారు. సుభూతి, సూర్య అనే భిక్షువుల వద్ద కొన్ని నెలలు ఉండి మహాసాంఘికుల అభిధర్మాన్ని నేర్చుకున్నాడు. బదులుగా వారికి మహాయాన శాస్త్రాలు బోధించాడు. తరువాత ఆ ఇద్దరూ ఆయనతో కలిసి క్షేత్రదర్శనానికి బయలుదేరారు. యాత్రాగ్రంథంలో లేని ఈ సంగతి కూడా జీవితచరిత్ర వలననే తెలుస్తోంది.

కాంచీపురం చేరాక, సింహళంలో రాజు మరణించి కరువు ఏర్పడిందని అక్కడినుండి వచ్చిన భిక్షువుల వలన విని, ఏ సింహళం కోసం ఈ దారిన వచ్చాడో ఆ ప్రయాణాన్ని విరమించుకున్నాడు. మహారాష్ట్రం, మాళవం, సింధు ప్రాంతాలు చూసి తిరిగి నలందా చేరాడు.

స్వదేశ పునరాగమనం, అనువాదాలు

కనోజ్, ప్రయాగలలో హర్షుడు జరిపిన సభల అనంతరం 643లో తిరుగు ప్రయాణం ప్రారంభించాడు. సింధునది దాటేటప్పుడు పడవ ఒరిగి యాభై ప్రతులు నీటిపాలయ్యాయి. ఖోతాన్ నుండి చక్రవర్తికి లేఖ పంపి, అనుమతి లేకుండా వెళ్ళినందుకు క్షమాపణ పొందాడు. 645లో 657 గ్రంథాలను ఇరవై గుర్రాలపై వేసుకుని చాంగాన్‌లో ప్రవేశించాడు. ఒకనాడు దొంగచాటుగా విడిచిన నగరం ఆయనకు ఘనస్వాగతం పలికింది. మరుసటి ఏడు, చక్రవర్తి కోరికపై, పశ్చిమదేశాల వృత్తాంతాన్ని 12 సంపుటాలుగా శిష్యుడు బియన్‌జి చేత వ్రాయించాడు.

మిగిలిన జీవితమంతా అనువాదానికే వెచ్చించి 75 గ్రంథాలను చైనీయంలోకి తెచ్చాడు. వాటిలో దిఙ్నాగుని న్యాయముఖం, భావవివేకుని కరతలరత్నం ఉన్నాయి; రెండూ 649లో అనువదించబడ్డాయి. ఆంధ్రదేశపు కొండల వద్ద ఆయన ఎవరి కథలు విన్నాడో ఆ ఇద్దరి రచనలే ఇవి. సంస్కృత మూలాలు భారతదేశంలో లుప్తం కాగా, ఈ గ్రంథాలు పండితలోకానికి చైనీయ అనువాదాల ద్వారానే దక్కాయి. హుయాన్ త్సాంగ్ 664లో యూహువా ఆరామంలో మరణించాడు.

ధాన్యకటకం - విజయవాడ

యాత్రాగ్రంథం 1857-58లో ఫ్రెంచిలోకి, 1884లో ఇంగ్లీషులోకి వచ్చింది. అలెగ్జాండర్ కన్నింగ్‌హాం వంటివారు ధాన్యకటక నగరాన్ని అమరావతి పక్కనున్న ధరణికోటగా గుర్తించారు. జేమ్స్ ఫెర్గుసన్, రాబర్ట్ సీవెల్ మాత్రం అది విజయవాడ (నాటి బెజవాడ) అని వాదించారు. నగరానికి తూర్పు పడమరలలో కొండలుండడం, వాటిలో గుహలుండడం విజయవాడకు సరిపోతుంది. పడమట ఇంద్రకీలాద్రి, నది ఆవల ఉండవల్లి గుహలు కనిపిస్తాయి. అమరావతి చుట్టూ ఉన్నది మైదానం. అయితే ధాన్యకటకం అనే పేరు శాసనాలలో అమరావతి ప్రాంతానికే చెల్లుతోంది. దూరం లెక్క రెండింటికీ కుదరదు: వేంగి నుండి వేయి లీలని గ్రంథం చెబుతుండగా, పెదవేగి నుండి విజయవాడ అరవై డెబ్బై కిలోమీటర్లు, అమరావతి వంద కిలోమీటర్లకు అటూ ఇటూ మాత్రమే. శాసనాల బలం వలన ధరణికోట వాదానికే ఎక్కువమంది మొగ్గారు. నగరం అదే అయినా, శైల ఆరామాలు ఏ కొండలపై ఉండేవన్న ప్రశ్న తేలలేదు.