విప్పి చూసి నేర్చుకున్న మెకానిక్ – జి.డి. నాయుడు



పదో తరగతి తర్వాత ఏమవుతావని ఎవరైనా అడిగితే డాక్టర్, ఇంజనీర్, కలెక్టర్ అని గట్టిగా చెబుతాం. మోటార్ మెకానిక్ అవుతానని చెప్పడానికి మాత్రం సిగ్గుపడతాం. చదువు రానివాడే పానా పడతాడని మనలో చాలామంది అనుకుంటారు. అలా అనుకునేవారు జి.డి. నాయుడు గారి గురించి తప్పక తెలుసుకోవాలి.

ఆయన పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. 1893 మార్చి 23న తమిళనాడులోని కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామంలో జన్మించారు. ఎన్నో తరాల క్రితం దక్షిణానికి వలస వెళ్లిన తెలుగువారి కుటుంబం వారిది. తండ్రి రైతు. చిన్నతనంలోనే తల్లి చనిపోయింది. బడి ఆయనకు నచ్చలేదు. ప్రాథమిక తరగతులతోనే చదువు ఆగిపోయింది.

ఒకరోజు ఒక ఆంగ్లేయ రెవెన్యూ అధికారి మోటారు సైకిలు మీద ఆ ఊరికి వచ్చాడు. ఎద్దు గానీ గుర్రం గానీ లేకుండా పరుగెత్తే బండిని చూసి కుర్రవాడైన నాయుడు ఆశ్చర్యపోయారు. అలాంటి బండి తనకూ కావాలనుకున్నారు. కోయంబత్తూరు వెళ్లి ఒక హోటల్లో సర్వర్‌గా పనిచేశారు. జీతంలో కొంత కొంత దాచి, చివరికి ఆ మోటారు సైకిలునే కొన్నారు.

అయితే దాన్ని ఊరంతా తిప్పి గొప్పలు చెప్పుకోలేదు. ఇంటికి తెచ్చి ముక్కలు ముక్కలుగా విప్పారు. మళ్లీ బిగించారు. ఏ భాగం ఏ పని చేస్తుందో తెలియనిదే విప్పిన యంత్రాన్ని తిరిగి నడిచేలా బిగించడం కుదరదు కదా! ఆ బండే ఆయనకు పాఠ్యపుస్తకం అయింది. అలా ఆయన మెకానిక్ అయ్యారు.

మధ్యలో పత్తి వ్యాపారం చేసి లాభాలు చూశారు. తర్వాత బొంబాయి వెళ్లి ఆ డబ్బంతా పోగొట్టుకున్నారు. కానీ చేతిలో ఉన్న పని ఎక్కడికీ పోలేదు. 1920లో రాబర్ట్ స్టేన్స్ అనే ఆంగ్లేయ వ్యాపారి సాయంతో ఒక బస్సు కొన్నారు. పొల్లాచి నుంచి పళనికి దాన్ని నడిపారు. ఆ ఒక్క బస్సే పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద సంస్థ అయింది. బస్సులు వేళకు రావాలంటే ఇంజన్లు బాగుండాలి. అందుకే మరమ్మతు షెడ్డును ఆయన ఎన్నడూ చిన్నచూపు చూడలేదు.

1937లో ఆయన సంస్థ నుంచి మన దేశంలో తయారైన ఎలక్ట్రిక్ మోటారు వెలువడింది. షేవింగ్ రేజరు, పళ్లరసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను వంటివి ఎన్నో తయారుచేశారు. 1952లో 2,000 రూపాయలకే ఇవ్వగల రెండు సీట్ల కారు చేశారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వకపోవడంతో ఆ కారు సామాన్యుని ఇంటికి చేరలేదు.

తాను బడి మానేసినా, పని నేర్చుకునే పిల్లలకు మంచి శిక్షణ ఉండాలని ఆయన కోరుకున్నారు. 1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరుతో సాంకేతిక విద్యాసంస్థ ఏర్పడటానికి తోడ్పడి, ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. నాలుగేళ్ల కోర్సు అక్కర్లేదు, రెండేళ్లు చాలన్నది ఆయన అభిప్రాయం. ప్రభుత్వం ఒప్పుకోకపోతే పదవి వదులుకున్నారు. 1974 జనవరి 4న కన్నుమూశారు. కోయంబత్తూరులో 2015లో ప్రారంభమైన జీడీ కార్ల మ్యూజియంలో పాతకాలపు విదేశీ కార్లను నేటికీ చూడవచ్చు.

మిత్రులారా! నాయుడు గారి కాలంలో బండిని విప్పితే లోపం కంటికి కనిపించేది. నేటి బెంజ్, బీఎండబ్ల్యూ వంటి ఖరీదైన కార్లలో ఇంజనుకు, బ్రేకులకు, ఎయిర్‌బ్యాగులకు వేర్వేరు కంప్యూటర్ యూనిట్లు ఉంటాయి. స్కానర్ పెడితే ఒక కోడ్ కనిపిస్తుంది. అది ఎక్కడ వెతకాలో మాత్రమే చెబుతుంది. తెగింది వైరా, చెడింది సెన్సారా అన్నది టెక్నీషియనే పరీక్షించి తేల్చాలి. అందుకు లెక్కలు, భౌతికశాస్త్రం, మాన్యువల్ చదివేంత ఇంగ్లీషు కావాలి. కాబట్టి ఆయన బడి మానేశారని మనం మానకూడదు.

పది పాసయితే ఐటీఐలో రెండేళ్ల మోటార్ వెహికల్ మెకానిక్ ట్రేడు ఉంది. పాలిసెట్ రాస్తే మూడేళ్ల ఆటోమొబైల్ డిప్లొమా ఉంది. ఆ తర్వాత షోరూం వర్క్‌షాపుల్లో చేరి, కంపెనీ శిక్షణ పొందుతూ మెట్టు మెట్టుగా పైకి రావచ్చు. కోటి రూపాయల కారు కొనడానికి మన దగ్గర డబ్బు లేకపోవచ్చు. దాన్ని బాగుచేసే విద్య నేర్చుకోవడానికి మాత్రం బీబీపేట హాస్టల్ నుంచి కూడా దారి ఉంది.

ఈసారి ఎవరైనా ఏమవుతావని అడిగితే, మెకానిక్ అవుతానని తలెత్తి చెబుదాం. శ్రద్ధగా చదువుదాం, చేతులకు నూనె అంటుతుందని వెనుకాడకుండా పని నేర్చుకుందాం.