ఆగిన చదువుకు మరో దారి: దుర్గాబాయి దేశ్‌ముఖ్

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడగగానే నాకు దుర్గాబాయమ్మ గుర్తొచ్చారు. ముప్పై ఏళ్లుగా ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఉద్యోగాల్లో ఆడవాళ్లు ఎందుకింత తక్కువన్న ప్రశ్న విన్నప్పుడల్లా ఆమె జీవితంలోనే నాకు జవాబు దొరుకుతుంది.

ఆమె 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ బంధం వద్దనుకుని బయటికొచ్చారు. ఇంగ్లీషు చదువుకు నిరసనగా బడి మానేసి, హిందీ నేర్చుకుని, ఆడపిల్లలకు తానే హిందీ పాఠశాల పెట్టారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. అక్షరం రాక, చట్టం తెలియక మగ్గుతున్న స్త్రీ ఖైదీలను అక్కడ చూశారు.

బయటికొచ్చాక మళ్లీ పుస్తకం పట్టారు. బెనారస్ మెట్రిక్, ఆంధ్రా విశ్వవిద్యాలయం పట్టా, 1942లో మద్రాసులో న్యాయశాస్త్రం. తన చదువు పూర్తికాకముందే 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ ప్రారంభించి, తనలాగే చదువు ఆగిపోయిన ఆడవాళ్లను మెట్రిక్‌కు తయారుచేశారు.

తర్వాత రాజ్యాంగ సభ సభ్యురాలయ్యారు, ప్రణాళికా సంఘంలో పనిచేశారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. ఆ ఏడాదే నాటి ఆర్థికమంత్రి సి.డి. దేశ్‌ముఖ్‌ను పెళ్లాడారు.

ఇంజనీరుగా నన్ను ఆకట్టుకున్నది ఆమె ఆ బోర్డులో చేసిన పని. అప్పుడు పల్లెలకు టీచర్లు, నర్సులు, గ్రామసేవికలు కావాలి. మరోవైపు బతుకుతెరువు కావలసిన వితంతువులు, భర్త వదిలేసినవాళ్లు ఎందరో ఉన్నారు. ఇద్దరికీ మధ్య అడ్డు ఒక్కటే: సర్టిఫికెట్. పెద్దవయసు ఆడవాళ్లను చిన్నపిల్లల పక్కన కూర్చోబెట్టి ఏళ్లతరబడి చదివించలేం కదా! అందుకే 1958లో బోర్డు సంక్షిప్త కోర్సులు మొదలుపెట్టింది. ఏళ్ల చదువును రెండేళ్లకు కుదించి, వాళ్లను పరీక్షకు పంపి, ఉద్యోగ శిక్షణకు అర్హులను చేసే ఏర్పాటు అది. తాను పడుతూ లేస్తూ నడిచిన కాలిబాటను ఆమె వేలమందికి రోడ్డుగా వేశారు.

1975లో పద్మవిభూషణ్ వచ్చింది. 1981 మే 9న కన్నుమూశారు.

మన బ్యాచీల్లోనూ పదో తరగతి దాటకుండా పెళ్లిపీటలెక్కిన ఆడపిల్లలున్నారు. ఏటా ఫస్టు వచ్చినవాళ్లకు మెడల్ ఇస్తున్నాం, మంచిదే. దాంతోపాటు చదువు ఆగిపోయిన ఒక్క మహిళకైనా ఓపెన్ స్కూల్ ఫీజు కట్టి, పరీక్షదాకా తోడుందాం. సంఘం ముందు నేను పెడుతున్న ప్రతిపాదన ఇదే. మొదటి ఏడాది ఫీజు నాది.