హార్లెంను పలికించిన డ్యూక్ ఎల్లింగ్టన్

న్యూయార్క్‌లో నల్లవారి పేట హార్లెం. అక్కడి కాటన్ క్లబ్‌లో 1927 డిసెంబర్‌లో డ్యూక్ ఎల్లింగ్టన్ బ్యాండు చేరింది. వేదిక మీద వాయించేది, ఆడేది నల్లవారు. కూర్చుని వినేది తెల్లవారు. ఆ పేట జనానికే అందులోకి ప్రవేశం లేదు. డప్పు కావాలి గానీ డప్పు కొట్టే మనిషి గడప తొక్కకూడదనే పద్ధతి మనకు కొత్తేమీ కాదు. క్లబ్ అలంకరణంతా దక్షిణాది పత్తితోటలు, ఆఫ్రికా అడవులు. ఆయన సంగీతాన్ని అడవి సంగీతమని ముద్ర వేసి అమ్ముకున్నారు.

ఎల్లింగ్టన్ 1899లో వాషింగ్టన్‌లో పుట్టారు. తండ్రి ఓ తెల్ల డాక్టరు ఇంట్లో బట్లర్. పేరు దేశమంతా మోగాక కూడా దక్షిణాది హోటళ్లు గది ఇచ్చేవి కావు. బ్యాండు కోసం రైలు పెట్టెలు అద్దెకు తీసుకుని, వాటిలోనే పడుకుని కచేరీలు చేశారు.

1950లో ఎన్‌బీసీ సింఫనీ ఆర్కెస్ట్రా కోసం ఒక రచన అడిగారు. యూరప్ నుంచి ఓడలో తిరిగొస్తూ ఆయన హార్లెం రాశారు. మొదట ఒంటరి ట్రంపెట్ రెండే స్వరాల్లో ఆ వాడ పేరు పలుకుతుంది. తర్వాత సుమారు 14 నిమిషాలు ఆ రెండు స్వరాలే వీధులన్నీ తిరుగుతాయి. స్పానిష్ మాట్లాడేవారి వీధి, ఊరేగింపు, ముస్తాబైన ఆడవాళ్లు, ఆదివారం చర్చి, క్లారినెట్ ఎత్తుకునే శవయాత్ర పాట, చివరికి పౌరహక్కులు అడిగే జనం. హార్లెంలో క్యాబరేల కంటే చర్చిలే ఎక్కువని ఆయన శ్రోతలకు గుర్తుచేసేవారు. క్లబ్ యజమానులు చూపించిన అడవి ఇందులో ఎక్కడా లేదు. నా దృష్టిలో ఆయన ఇచ్చిన గట్టి జవాబు అదే.

1951 జనవరిలో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఆపెరా హౌస్‌లో, నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ నిధుల కోసం జరిగిన కచేరీలో ఆయన బ్యాండు దాన్ని వాయించింది. ఆ ఆపెరా సంస్థ తన ప్రదర్శనలో ఒక నల్లజాతి గాయనికి, మారియన్ ఆండర్సన్‌కు, పాత్ర ఇచ్చింది మాత్రం 1955లోనే.

1965లో పులిట్జర్ సంగీత జ్యూరీ ఆయనకు ప్రత్యేక పురస్కారం ఇవ్వాలని సిఫారసు చేసింది. బోర్డు ఒప్పుకోలేదు. ముగ్గురు జ్యూరీ సభ్యుల్లో ఇద్దరు రాజీనామా చేశారు. అప్పటికి ఆయన వయసు 66. 1974 మేలో కన్నుమూశారు. అంత్యక్రియలకు 12,000 మందికి పైగా వచ్చారు. పులిట్జర్ బోర్డు ఆయన్ను గౌరవించింది 1999లో, శతజయంతి ఏడాది.