పాస్టరమ్మగారి దినచర్య పుస్తకములు



కెనడా దేశమునకు తూర్పున సముద్రములో ప్రిన్స్ ఎడ్వర్డు అను దీవి కలదు. లూసీ మాడ్ మాంట్‌గోమరీ 1874 నవంబరు 30న అచ్చట జన్మించెను. రెండేండ్లు నిండకమునుపే తల్లి క్షయరోగముతో మరణించెను. తండ్రి పడమటి సీమకు వెళ్లిపోగా, కావెండిష్ అను పల్లెలో అమ్మమ్మ తాతలు ఆమెను పెంచిరి. తాత పోయిన తరువాత ఆమె అమ్మమ్మకు తోడుగా ఉండి కథలు వ్రాసెను. ఒక అనాథ బాలికను గూర్చి ఆమె వ్రాసిన నవలను పలువురు ప్రచురణకర్తలు త్రిప్పి పంపిరి. దానిని టోపీలపెట్టెలో వేసి, కొంతకాలమునకు మరల తీసి పంపగా, 1908లో బోస్టనులో అచ్చయ్యెను. ‘ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్’ అను ఆ పుస్తకము అనేక భాషలలోనికి వెళ్లెను.

1911లో అమ్మమ్మ మరణించెను. ఆ యేడే ఆమె ప్రెస్బిటీరియను కాపరియగు యూయన్ మక్డోనాల్డు గారిని వివాహమాడి, ఒంటారియోలోని లీస్క్‌డేల్ అను పల్లె సంఘమునకు పాస్టరమ్మగారుగా వచ్చెను. సండేస్కూలు, స్త్రీల సమాజము, ఇండ్ల దర్శనములు అన్నియు నెరవేర్చుచునే పుస్తకములు వ్రాసెను. 1914లో రెండవ బిడ్డ మృతశిశువుగా పుట్టెను.

1919లో భర్తకు తీవ్రమైన మనోవ్యాధి కలిగెను. ఇతరులకు రక్షణ వార్త చెప్పు ఆయన, తాను మాత్రము దేవునిచే త్రోసివేయబడితినని భయపడెను. సంఘమునకు తెలిసిన ఆయన పని పోవునేమోయని ఆమె ఆ సంగతి దాచెను. ఆదివారము నవ్వుముఖముతో గుడికి వచ్చెడిది. రాత్రి తన దుఃఖమును కాగితముమీద పెట్టెడిది. 1889 మొదలు ఆమె వ్రాసిన దినచర్య పది పెద్ద పుస్తకములయ్యెను.

1942 ఏప్రిల్ 24న ఆమె టొరంటోలో మరణించెను. కుమారుడు ఆ పుస్తకములను 1981లో గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయమునకు అప్పగించెను. 1985 మొదలు అవి ఎంపికగా అచ్చయినప్పుడుగాని, ఆ ఇంటిలోని కన్నీరు లోకమునకు తెలియలేదు. ఆమె తన ప్రాణము తానే తీసికొనెనని కుటుంబము నమ్మినట్లు 2008లో మనుమరాలు వెల్లడించెను. అట్లు నిశ్చయముగా చెప్పలేమను పరిశోధకులును కలరు. మనము తీర్పరులము కాము.

ఏలీయా బదరీవృక్షము క్రింద చావు కోరినప్పుడు దేవుడు అతని గద్దింపలేదు. నిద్రపోనిచ్చెను, రొట్టెయు నీళ్లును పంపెను. మనోవ్యాధి అవిశ్వాసము కాదు, పాపమునకు శిక్షయు కాదు. జ్వరమునకు వైద్యుడున్నట్లే దానికిని వైద్యుడున్నాడు.

సహోదరీ సహోదరులారా, ఆమె మాటలు వినుటకు కాగితము తప్ప మనుష్యులు లేకపోయిరి. మీ వీధిలో నవ్వుచు తిరుగు ఒకరి ఇంట నేడు అట్టి భారము ఉండవచ్చును. అది కాపరి ఇల్లే కావచ్చును. వెళ్లి వారి యొద్ద కొంతసేపు కూర్చుండుడి. విన్నది వీధిలో చెప్పకుడి. వైద్యుని యొద్దకు వెళ్లవలసివచ్చిన తోడుగా నడువుడి.