ఓడ కళాసి జాన్ న్యూటన్

చదువవలసిన భాగము: మత్తయి 18:23–35



మన మెదకు సముద్రమునకు బహు దూరము. మనలో అనేకులు ఓడను చూచియుండరు. అయినను వెట్టి యననేమో మన పెద్దలెరుగుదురు. నిజాము కాలమున అధికారి ఊరికి వచ్చినయెడల మూట మోయుటకు బీదవానిని పట్టుకొని పోవుచుండిరి. పూర్వము ఇంగ్లండులోను ఇట్టిదొకటి యుండెను. యుద్ధకాలమున సర్కారు ఓడలకు కళాసీలు చాలనప్పుడు, రేవులయొద్ద దొరికిన నావికులను బలవంతముగా పట్టి ఓడ యెక్కించుచుండిరి. జీతమున్నను, ఇష్టమున్నదా యని అడుగువారు లేరు. 1744లో అట్లు పట్టుబడిన జాన్ న్యూటన్ అను యౌవనుని చరిత్రను ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాము.

అతడు 1725లో లండనులో పుట్టెను. తండ్రి ఓడ నాయకుడు. భక్తిగల తల్లి అతనికి లేఖనములు నేర్పెను గాని, అతనికి ఏడేండ్లు నిండకమునుపే క్షయరోగముచే మరణించెను. పదునొకండేండ్లకే అతడు తండ్రితో ఓడ యెక్కెను.

సర్కారువారు అతనిని ఎక్కించిన యుద్ధపు ఓడ పేరు హార్విచ్. కళాసి పని కఠినమైనది. గాలివానలోను చీకటిలోను స్తంభములెక్కి తెరచాపలు చుట్టవలెను, తడిసిన మోకులు లాగవలెను, లంగరు ఎత్తవలెను. కొలదికాలములో తండ్రి మాటవలన న్యూటనునకు చిన్న అధికారి పదవి దొరికెను. అయితే ఆ ఓడ హిందూదేశపు సముద్రములకు పోవలసియుండెను. ప్రేమించిన కన్యను అన్ని యేండ్లు విడిచియుండలేక, 1745లో ప్లిమత్ రేవున అతడు పారిపోయెను. తోటివారు పారిపోకుండ కాపు కాయుటకు పంపబడినవాడు అతడే! పట్టుకొని సంకెళ్లు వేసి, అందరి యెదుట కొరడాతో కొట్టి, పదవి తీసివేసి, మరల కళాసీలలో కలిపిరి. నాయకుని చంపవలెననియు, తాను చావవలెననియు అతడు తలంచెను.

మదీరా దీవియొద్ద అతడు ఆఫ్రికాకు పోవు వర్తక ఓడలోనికి మారెను. హార్విచ్ మాత్రము మన తూర్పు సముద్రమునకు వచ్చి, 1746లో నాగపట్టణమునొద్ద ఫ్రెంచివారితో పోరాడెను. ఆఫ్రికాలో అతడు ఒక బానిస వర్తకునియొద్ద ఆకలితోను జ్వరముతోను తానే బానిసవలె బ్రదికెను. 1748 మార్చిలో స్వదేశమునకు తిరిగి వచ్చుచుండగా తుపాను ఓడను బ్రద్దలు చేసెను. గంటలకొలది నీరు తోడుచు, తల్లి నేర్పిన దేవునికి అతడు మొఱ్ఱపెట్టెను. ఓడ ఐర్లండు దరి చేరెను.

కథ ఇక్కడ ముగిసిన బాగుండును. అయితే సత్యము చెప్పుట మన విధి. దేవుని తట్టు తిరిగిన పిమ్మట కూడ, 1750 మొదలు 1754 వరకు, అతడు మూడుమారులు బానిసల ఓడకు నాయకుడై పోయెను. తానే ప్రార్థన చేసెను. తానే ఆఫ్రికావారికి సంకెళ్లు వేయించి అమ్మెను. ఆ పని మాన్పినది వ్యాధియే గాని మనస్సాక్షి కాదు. పదివేల తలాంతుల అప్పు క్షమింపబడినవాడు, నూరు దేనారముల కొరకు తోటిదాసుని గొంతు పట్టుకొనలేదా?

తరువాత అతడు లివర్పూలు రేవులో సర్కారు ఉద్యోగము చేసి, 1764లో ఓల్నీ సంఘమునకు బోధకుడాయెను. లోకమంతట పాడబడు అమేజింగ్ గ్రేస్ అను కీర్తన అక్కడ 1773 నూతన సంవత్సర ఆరాధన కొరకు వ్రాసినదే. 1785లో విల్బర్‌ఫోర్సు అను పార్లమెంటు సభ్యుడు ఆలోచన అడుగ వచ్చినప్పుడు, రాజ్యకార్యములలోనే నిలిచి దేవుని సేవింపుమని హెచ్చరించెను. 1788లో బానిస వ్యాపారమునకు విరోధముగా పుస్తకము వ్రాసి, అందులో తన పాలును ఒప్పుకొనెను. ఆ ఓడలను విడిచి అప్పటికి 34 సంవత్సరములు. 1807 మార్చిలో ఆ వ్యాపారమును నిషేధించు చట్టము వచ్చెను. డిసెంబరు 21న అతడు నిద్రించెను.

ప్రియులారా, 1924లో ప్రతిష్ఠింపబడిన మన పెద్ద దేవాలయమును కట్టిన కాలమున, కరవులోనున్న జనులకు పనియు అన్నమును దొరికెను. వెట్టి బాధయు, న్యాయమైన కూలి విలువయు మన కుటుంబములకు తెలియును. నేడు మన పొలములో, మన యింటిలో, మన క్రింద పని చేయువారున్నారు. వారి కూలి మన చేతిలో నిలిచియున్నదా? మనము పడిన మాటలను వారిమీద పలుకుచున్నామా? న్యూటనునకు కన్నులు తెరువబడుటకు 34 ఏండ్లు పట్టెను. ఈ లోపల సంకెళ్లలో చనిపోయినవారు తిరిగి రాలేదు. మనము ఆలస్యము చేయకుందుము గాక. ఆమేన్.