చెవులు వినపడని మాస్టారు

మా కమ్యూనికేషన్ ల్యాబ్ సంగతి మీకు తెలుసు కదా. రాయడానికి కొన్ని మార్కులు, మాట్లాడడానికి కొన్ని, రెండూ ఇంగ్లీషులోనే. కొన్ని దేశాల్లో ఈ రాయడం, మాట్లాడడమే మెయిన్ సబ్జెక్టుగా పెట్టుకుని డిగ్రీ చేస్తారని తెలిసినప్పుడు నాకు నవ్వొచ్చింది. మాట్లాడడం మీద డిగ్రీ ఏంది అని.

తర్వాత ఈ మ్యాగజైన్ కోసం తెలుగులో ఒక పేజీ రాసి, జల్‌పల్లిలో మా ఇంట్లో అమ్మకు చదివి వినిపించిన. నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. రాసే తెలుగు అంటే బరువుగా ఉండాలేమో అనుకుని వాక్యానికో చేయుచున్నాను, వచ్చుచున్నది పెట్టిన. అమ్మ రెండు నిమిషాలు విని, ఇది ఎక్కడి నుంచి కాపీ కొట్టినవ్ రా అని అడిగింది. నిజంగా నేనే రాసిన. నా మాట నాదని మా అమ్మే గుర్తుపట్టలేదు.

ఆ పేజీ డిలీట్ చేసి గిడుగు వెంకట రామమూర్తి గురించి చదవడం మొదలుపెట్టిన. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అంటే ఆయన పుట్టినరోజే. ఆ రోజు ఫోటోకి దండ వేస్తాం, సెల్ఫీ దిగుతాం. అంతకుమించి నాకు తెలిసింది సున్నా.

1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఇప్పుడది శ్రీకాకుళం జిల్లా. తండ్రి చిన్నప్పుడే పోయారు. విజయనగరంలో చదువుకున్నారు, అక్కడ క్లాస్‌మేట్ ఎవరో కాదు, గురజాడ అప్పారావు. 1879లో మెట్రిక్ పాసై, మరుసటి ఏడాదే పర్లాకిమిడిలో టీచరుగా చేరారు. నాకంటే రెండు మూడేళ్లు చిన్న వయసులో. బీఏ తర్వాత ప్రైవేటుగా కట్టి పాసయ్యారు. ముఖలింగం గుడి గోడల మీది శాసనాలు చదవడం కూడా సొంతంగా నేర్చుకున్నారు.

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉంటారు. వాళ్ల భాషకి అప్పటికి పుస్తకాల్లేవు, తెలుగుతో చుట్టరికమూ లేదు. మాస్టారికి అది నేర్చుకోవాలనిపించింది. యూట్యూబ్ లేదు, డిక్షనరీ లేదు. తెలుగు తెలిసిన ఒక సవర మనిషిని ఇంట్లోనే పెట్టుకుని మాట మాట అడిగి రాసుకున్నారు. కొండలెక్కి ఆ ఊళ్లలో తిరిగారు. సవర పిల్లలకి వాళ్ల భాషలోనే పాఠాలు తయారుచేశారు, సొంత ఖర్చుతో బళ్లు పెట్టారు. 1913లో ప్రభుత్వం రావుబహద్దూర్ బిరుదు ఇచ్చింది. కానీ ఆ అడవుల్లో మలేరియా పట్టుకుంది. దానికి క్వినైన్ వాడీ వాడీ వినికిడి పోయింది. ఇక్కడ నేను చదవడం ఆపి కాసేపు ఊరుకున్నా. జనం నోటిమాట కోసం జీవితమంతా కొట్లాడిన మనిషికి ఆ మాటే సరిగా వినపడలేదు.

తెలుగు గొడవ మొదలైంది కూడా క్లాస్‌రూమ్‌లోనే. జె.ఎ.యేట్స్ అని ఒక ఇంగ్లీషు దొర స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా ఉత్తర కోస్తా జిల్లాలకు వచ్చారు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, బళ్లో నేర్పేది ఇంకొకటి, ఎందుకిట్లా అని ఆయనకు అనుమానం. విశాఖ ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి.శ్రీనివాస అయ్యంగార్, గురజాడ, గిడుగు, యేట్స్ నలుగురూ ఒక జట్టయ్యారు. పరీక్షలో పిల్లలు వ్యాసాన్ని వాడుక భాషలో రాస్తే తప్పేంటి అన్నది ప్రశ్న. వినడానికి చిన్నదే. కానీ పరీక్షలోకి వచ్చిందే పుస్తకంలోకి వస్తుంది, పుస్తకంలోకి వచ్చిందే రేపు అందరికీ తెలుగు అవుతుంది. అందుకే జయంతి రామయ్య పంతులు లాంటి పెద్దలు గట్టిగా అడ్డుకున్నారు. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతిని రాసిచ్చారు. అయినా ఆ రౌండ్ ఓడిపోయారు. 1915లో గురజాడ పోయారు.

అప్పటికే గిడుగు రిటైరయ్యారు, 1911లో. మనమైతే ఇంట్లో కూర్చుంటాం. ఆయన ఊరూరూ తిరిగారు. ఆయన పద్ధతి నాకు బాగా నచ్చింది. భాష మీద ప్రేమ, తల్లి, పాలు అంటూ ఎమోషనల్‌గా పోలేదు, డేటా చూపించారు. పాత వచనం తీసి, పూర్వం వాళ్లు కూడా వాడుక మాటలు రాశారని చూపించారు. గ్రాంథికమే కావాలన్న పండితుల పుస్తకాలు తీసి, వాళ్ల వ్యాకరణం ప్రకారమే వాళ్లు చేసిన తప్పులు పట్టుకున్నారు. అవతలి వాళ్ల కోడ్‌ని వాళ్ల కంపైలర్‌లోనే రన్ చేసి ఎర్రర్లు చూపించినట్టు. 1919లో తెలుగు అనే పత్రిక కూడా నడిపారు. 1924లో కాకినాడ ఆంధ్ర సాహిత్య పరిషత్తు వాడుక భాష మీద నిషేధం ఎత్తేసింది.

ఒక్క విషయంలో మాత్రం నాకు పేచీ ఉంది. ఆయన అడిగింది శిష్ట వ్యావహారికం, అంటే చదువుకున్నవాళ్లు మాట్లాడే తెలుగు. పోనుపోను అది కోస్తా వైపు తెలుగుగానే స్థిరపడింది. అప్పుడు మావైపు నిజాం రాజ్యం, ఆయన కొట్లాట జరిగింది మద్రాసు రాష్ట్రంలో, కాబట్టి తప్పంతా ఆయనదే అనను. కానీ మా అమ్మ మాట పుస్తకాల్లోకి రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. సినిమాల్లో అయితే అది ఎన్నాళ్లో రౌడీకో కమెడియన్‌కో పెట్టే మాట. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవం చేసింది 2014లో. అయితే వచ్చిండు అని రాస్తే తప్పెట్లయితది అని నేను వాదించాలంటే, మళ్లీ గిడుగు వాదనే తెచ్చుకోవాలి.

1936లో ఒరిస్సా కొత్త రాష్ట్రమైంది, పర్లాకిమిడి అటు పోయింది. గిడుగు యాభై ఏళ్లు దాటి బతికిన ఊరు వదిలేసి రాజమండ్రి వచ్చేశారు. అప్పటికి డెబ్బై రెండేళ్లు. సవర వ్యాకరణం 1931లోనే వచ్చింది, నిఘంటువు 1938లో అచ్చయింది. 1940 జనవరి 22న మద్రాసులో పోయారు.

ఇది నేను మళ్లీ మొదటి నుంచి రాసిన పేజీ. రాత్రి అమ్మకు చదివి వినిపించిన. మధ్యలో ఆపి, సవరోళ్ల పిల్లలు ఇప్పుడు ఏ భాషల చదువుతున్నరు అని అడిగింది.