కణతత్త్వవేత్త రుడాల్ఫ్ విర్కో

కంటితో చూచుట వేఱు, చూచినదాని యర్థమును గ్రహించుట వేఱు. మొదటిది యొక తరమువారు చేయగా, రెండవది కొన్ని తరముల తరువాతగాని నెరవేరకపోవుట శాస్త్రచరిత్రలో తఱచు కానవచ్చును. రాచపుండు కంతులలో రక్తమునందలి తెల్లకణములు చేరియుండుటను సూక్ష్మదర్శినిలో చూచి లోకమునకు తెలిపిన జర్మను వైద్యుడు రుడాల్ఫ్ విర్కో మహాశయుని జీవితమిందులకు తార్కాణము.

విర్కో 1821వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీన ప్రష్యా రాజ్యమున పొమెరేనియా మండలమందలి షివెల్‌బైన్ అను చిన్న పట్టణమున జన్మించెను. ఆ యూరు నేడు పోలండు దేశమున చేరియున్నది. తండ్రి కొలదిపాటి సేద్యము చేసికొనుచు పట్టణ కోశాధికారిగా నుండెడివాడు. కలిమిగల కుటుంబము కాదు. బాలుడు మిక్కిలి తెలివిగలవాడగుటచే, సైనిక వైద్యులను తయారుచేయు బెర్లిను విద్యాలయమున 1839లో ప్రభుత్వ వ్యయముతో చదువుకొను నవకాశము లభించెను. 1843లో వైద్యపట్టము నొంది, ఆ నగరమందలి షారిటే వైద్యశాలలో కొలువు చేరెను.

అచ్చట 1845లో ఒక రోగి మరణింపగా శవపరీక్ష చేసి, రక్తమున తెల్లకణములు మితిమీరి పెరిగియుండుట కనుగొనెను. అట్టిదానిని చీము రక్తమున కలియుటగా భావించుట నాటి వాడుక. ఇది చీము కాదనియు, ప్రత్యేకమైన వ్యాధియనియు నిరూపించి, 1847లో దానికి తెల్లరక్తమను నర్థము వచ్చునట్లు లుకేమియా యని పేరిడెను. ఎడింబరో నగరమున బెన్నెట్ అను వైద్యుడును అదే 1845లో ఇట్టి వ్యాధినే వర్ణించెను. తెల్లకణములతో విర్కోకు గల సంబంధమిట్లు ఇరువదినాలుగవ యేటనే మొదలయ్యెను.

1848లో ఎగువ సైలీషియా మండలమున టైఫసు జ్వరము ప్రబలి వేలకొలది ప్రజలు మరణించుచుండగా, ప్రభుత్వము విర్కోను విచారణకై పంపెను. ఆయన గుడిసెలు తిరిగి చూచి, ఈ మహామారికి మందు సీసాలో లేదనియు, కూడు, చదువు, బాటలు, స్వపరిపాలన కలిగినగాని వ్యాధి తగ్గదనియు నివేదిక వ్రాసెను. వైద్యుని పంపిన ప్రభువులకు రాజనీతి చెప్పినట్లయ్యెను. ఆ యేడే బెర్లినులో జరిగిన ప్రజావిప్లవమునను పాల్గొనుటచే పాలకుల యాగ్రహమునకు గుఱియై, 1849లో వుర్ట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయమున ఆచార్యపదవికి పోయెను. మరల 1856లో బెర్లినువారే ఆయనను సగౌరవముగా పిలిపించుకొనిరి.

1858లో తన యిరువది యుపన్యాసములను కణవ్యాధిశాస్త్రమను గ్రంథముగా ప్రకటించెను. ప్రతి కణమును మఱియొక కణమునుండియే పుట్టుననియు, దేహము కణములనెడి పౌరులు గూడిన రాజ్యము వంటిదనియు, వ్యాధియనగా ఆ పౌరులకు కలిగిన చెఱుపేయనియు అందలి సారాంశము. కణము కణమునుండియే పుట్టునను మాటను రీమాక్ అను శాస్త్రజ్ఞుడు ముందే చెప్పియున్నను, దానిని వైద్యమునకు పునాదిగా నిలిపినవాడు విర్కో.

1862, 1863 సంవత్సరములలో కంతులను గూర్చి యుపన్యసించి, వానిని గ్రంథముగా వెలువరింప నారంభించెను. కంతి ముక్కలను పలుచగా కోసి చూడగా వానిలో తెల్లకణములు కానవచ్చెను. దీర్ఘకాలము రాపిడియు వాపును గల తావుననే రాచపుండు పుట్టునని ఆయన దానినుండి యూహించెను. అంటుకొన్న యింటియొద్ద గుమిగూడిన జనము నిప్పు పెట్టినవారో, ఆర్పవచ్చినవారో దూరమునుండి చూచువానికి తెలియదు. విర్కోకును ఆ కణములు మంటకు గుఱుతుగనే తోచినవి గాని, ఆర్పువారుగా తోచలేదు.

1883లో సిసిలీ ద్వీపమందలి మెస్సీనాకు పోయినపుడు ఆయనకు రష్యా శాస్త్రజ్ఞుడు మెచ్నికాఫ్ తన పరిశోధనను చూపెను. నక్షత్రమత్స్యపు పిల్లలలో ముల్లు గ్రుచ్చగా సంచారకణములు దానిని చుట్టుముట్టుచుండెను. ఇవి దేహమునకు కాపరులని మెచ్నికాఫ్ వాదము. విర్కో ఆదరముతో చూచి ప్రోత్సహించెను గాని, తెల్లకణములు సూక్ష్మజీవులను మోసికొనిపోయి వ్యాపింపజేయునని నాటి వైద్యుల తలంపు కావున జాగ్రత్త వహింపుమని చెప్పెను. ఆ కాపరుల విషయమై 1908లో మెచ్నికాఫునకు నోబెలు బహుమానము వచ్చునప్పటికి విర్కో గతించి ఆరేండ్లయ్యెను.

విర్కో జీవితమున మిక్కిలి బాధాకరమగు ఘట్టము 1887లో సంభవించెను. యువరాజు ఫ్రెడరిక్ గొంతులో కంతి లేచెను. దానినుండి తీసిన చిన్న ముక్కలను విర్కోకు పంపగా, వానిలో రాచపుండు లక్షణములు లేవని చెప్పెను. ఆ ముక్కలనుబట్టి మిగిలిన భాగమును నిశ్చయింపరాదని సూచింపకపోలేదు. అయినను శస్త్రచికిత్స నిలిచిపోయెను. ఫ్రెడరిక్ చక్రవర్తియై తొంబదితొమ్మిది దినములు మాత్రమే యేలి, 1888 జూను 15వ తేదీన మరణించెను. శవపరీక్షలో రాచపుండేయని తేలెను. ఒక్క మెతుకు పట్టి చూచిన కుండెడన్నము సంగతి తెలియునను స్థాలీపులాక న్యాయము వంటింట చెల్లును గాని, కంతి విషయమున చెల్లదు.

విర్కో ప్రజాసేవయు కొనియాడదగినది. 1859 మొదలు బెర్లిను పురపాలక సభ్యుడై మురుగుకాలువలకును, మాంసపరీక్షకును పాటుపడెను. 1865లో ప్రధానియగు బిస్మార్క్ ద్వంద్వయుద్ధమునకు పిలువగా నిరాకరించెను. 1902 జనవరిలో ట్రాము బండినుండి దిగుచు పడి తొడయెముక విఱిగి, ఆ యేడు సెప్టెంబరు 5వ తేదీన పరమపదించెను.

ఆయన చూచిన తెల్లకణముల కథ అంతటితో ముగియలేదు. వానిలో పెక్కు జాతులు కలవనియు, టీ కణములనునవి రాచపుండు కణములను గుర్తించి చంపగలవనియు ఇరువదవ శతాబ్దమున తెలిసినది. పెద్దప్రేగు కంతులను పరీక్షించిన పారిస్ శాస్త్రజ్ఞులు, టీ కణములు దట్టముగా చేరిన కంతులుగల రోగులకు శస్త్రచికిత్స పిదప వ్యాధి తిరుగబెట్టుట తక్కువయని 2006లో ప్రకటించిరి. 2018లో పదుమూడు దేశములలో 2,600కు పైబడిన రోగుల విషయమున ఈ సంగతి మరల స్థిరపడెను. ఈ లెక్కను కంతి నడుమ నొకసారి, అంచున నొకసారి, రెండు తావుల కట్టుదురు. ఒక్క మెతుకుతో తృప్తి పడరాదను పాఠము ఇందును కనబడుచున్నది. ఇక విర్కో యూహయు వట్టిపోలేదు. ఏండ్ల తరబడి పెద్దప్రేగున వాపు, పుండ్లు గలవారికి అచ్చట రాచపుండు వచ్చు భయ మెక్కువయని నేటి వైద్యులును చెప్పుచున్నారు. ఆ గుంపులో మంట పెంచువారును కలరు, ఆర్పువారును కలరు.

మహనీయులైనను పొరబడుదురు. రాచపుండు సంయోజక కణజాలమున పుట్టునని విర్కో చెప్పినది నిలువలేదు. ప్రేగు లోపలి పొర వంటి పొరలనుండియే పెక్కు రాచపుండ్లు పుట్టునని తీర్ష్, వాల్డయర్ మున్నగువారు చూపిరి. కాని తాను చూచినదానిని దాచక వ్రాసిపెట్టుటచే, పిదపవారికది పెట్టుబడి యయ్యెను. ఆ వ్రాత పండితులకే పరిమితము కారాదని, 1866 మొదలు మిత్రుడు హోల్ట్‌సెన్‌డార్ఫ్‌తో కూడి, శాస్త్రవిషయములను సామాన్యులకు బోధపడునట్లు చెప్పు ఉపన్యాసములను చిన్న పుస్తకములుగా వెలువరింపజేసెను. వ్రాసినవాని పొరబాటును దిద్దుటకును, ఒప్పును నిలుపుటకును గ్రంథమే యాధారము. అట్టి గ్రంథములను తరతరములకు భద్రపఱచుటయే గ్రంథాలయమునకు ధర్మము.